పొడపత్రి కోసం అడవికి ఎందుకు? పెరటి కంచె మీదే పాకించండి

నాలుగు కణుపుల ముక్క చాలు, తీగ వస్తుంది * రెండో ఏటి నుంచి ఆకు * షుగర్ మందు మానేసి నమలొద్దు * కొనేవాడు తేలకుండా ఎకరాలు వేయొద్దు

దమ్మపేట: షుగర్ జబ్బు ఊరూరా పెరిగిన కొద్దీ పొడపత్రి ఆకును అడిగేవాళ్లు కూడా పెరిగారు. అడిగేవాళ్లు పెరిగితే అడవిలో తీగకు చేటు వస్తుంది. ఆకు గిల్లుకుంటే తీగ మళ్లీ చిగురు వేస్తుంది. కానీ చాలామంది అంత ఓపిక పట్టరు. మొదట్లో కత్తి వేసి, తీగనంతా కిందికి లాగి, మోపు కట్టి తెచ్చుకుంటారు. కొందరైతే వేరుతో సహా పీకేస్తారు. ఇంటికొచ్చేది ఒక సంచెడు ఆకు, అడవిలో పోయేది ఏళ్ల తరబడి పెరిగిన తీగ. మరుసటి ఏడు అదే పొద దగ్గరకు పోతే ఆకు ఉండదు.

ఇంతకీ ఈ తీగ ఇంటి దగ్గర పెరగనిదేమీ కాదు. దమ్మపేట, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోట లేని ఊరు లేదు. రెండెకరాలున్న రైతుకైనా తోట చుట్టూ కంచె ఉంటుంది. గుంట భూమి లేని ఇంటికి కూడా దడి ఉంటుంది. ఆ కంచె మీద, ఆ దడి మీద నాలుగు పొడపత్రి తీగలు పాకిస్తే ఇంటి అవసరానికి సరిపోను ఆకు వస్తుంది. అడవిలో తీగ అడవిలోనే బతుకుతుంది. దీనికి పెట్టుబడి అంటూ పెద్దగా లేదు. కావాల్సిందల్లా ముక్క కట్టే పద్ధతి తెలియడం, మొదటి ఏడాది కాస్త కనిపెట్టుకుని ఉండడం.

తీగను గుర్తుపట్టేదెలా?

పొడపత్రి దక్కను పీఠభూమిలోనూ తూర్పు కనుమల్లోనూ పొదల అడవుల్లో పెరిగే తీగ. సంస్కృతంలో మధునాశిని అనీ మేషశృంగి అనీ అంటారు. హిందీలో గుడ్‌మార్ అంటారు, అంటే బెల్లాన్ని చంపేది అని. శాస్త్రీయ నామం జిమ్నిమా సిల్వెస్ట్రి.

ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. కోలగా ఉండి కొస సన్నబడుతుంది. అంగుళం నుంచి రెండంగుళాల పొడవు ఉంటుంది. వేలితో రాస్తే మెత్తని నూగు తగులుతుంది. పూలు చిన్నవి, పసుపు రంగులో గుత్తులుగా ఆకు పంగల్లో పూస్తాయి. కాయ రెండు మూడు అంగుళాల పొడవుండి కొస మొనదేలి పొట్టేలు కొమ్ములా కనిపిస్తుంది. మేషశృంగి అనే పేరు అందుకే వచ్చింది. కాయ పగిలితే జిల్లేడు కాయలో మాదిరే దూది తోకలున్న గింజలు గాలికి ఎగిరిపోతాయి. జిల్లేడు, సుగంధిపాల, పొడపత్రి ఒకే కుటుంబానికి చెందినవి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. ఇదే కుటుంబంలో దుష్టుపు తీగ అనేది ఒకటి కంచెల మీద విరివిగా పాకుతుంది. దాని ఆకు తమలపాకు మాదిరి గుండె ఆకారంలో ఉంటుంది, నలిపితే చెడు వాసన వేస్తుంది, గిల్లితే పాలు కారతాయి. దాని కాయ మీద మెత్తని ముళ్ల లాంటివి ఉంటాయి. అది కడుపులోకి పోకూడని తీగ. కాబట్టి తీగ ఏదో తెలియకుండా ఆకు నోట్లో పెట్టుకోవద్దు. అడవి తెలిసిన పెద్దలకు గానీ, అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలోని సార్లకు గానీ కొమ్మ చూపించి ఖాయం చేసుకోవాలి.

చక్కెర ఇసుక అవుతుంది

తీగ పొడపత్రే అని ఖాయమయ్యాక ఒక పరీక్ష చేసి చూడొచ్చు. ఒక ఆకు తీసుకుని నాలుకంతా తగిలేలా నిమిషం సేపు నమిలి ఊసేయాలి. తర్వాత చిటికెడు చక్కెర వేసుకుంటే తీపి తెలియదు, ఇసుక నోట్లో పోసుకున్నట్టు ఉంటుంది. ఉప్పు ఉప్పగానే ఉంటుంది, చింతపండు పుల్లగానే ఉంటుంది. ఒక్క తీపి మాత్రమే పోతుంది. అరగంట దాటాక నాలుక మామూలవుతుంది.

ఇందులో మాయా మంత్రం లేదు. ఆకులో జిమ్నిమిక్ ఆమ్లాలు అనే పదార్థాలున్నాయి. నాలుక మీద తీపిని పసిగట్టే చోట్ల ఇవి పోయి కూర్చుంటాయి. తీపి వచ్చినా దానికి అక్కడ చోటు దొరకదు. 1887లో నీలగిరి కొండల్లోని ఊటీలో ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్తగా పనిచేసిన డేవిడ్ హూపర్ ఈ ఆకును పరీక్షించి ఆ పదార్థాన్ని వేరు చేశాడు. మన ఊళ్లలో పిల్లలు ఆటగా చేసే పని మీద నూటపాతికేళ్లకు పైగా పరిశోధన జరుగుతోంది.

ముక్క కట్టడం

గింజతో పెంచడం కష్టం. గింజకు మొలకెత్తే శక్తి త్వరగా తగ్గిపోతుంది. మొలిచేవి కూడా తక్కువే. గింజలే దొరికితే కాయ పగలక ముందే పలుచని గుడ్డ కట్టి, పగిలాక గింజ తీసి వెంటనే నాటుకోవాలి. దాచి పెట్టొద్దు.

ఇంటి అవసరానికి కొమ్మ ముక్కలే మేలు. మాఘ ఫాల్గుణాల్లో, అంటే ఫిబ్రవరి మార్చి నెలల్లో ముక్కలు కట్టుకుంటే వానలు పడేసరికి నాటడానికి సిద్ధమవుతాయి. అయితే మన వైపు ఎండలు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే. రోజూ నీళ్లు చిలకరించే వీలు లేనివాళ్లు మృగశిర, ఆరుద్ర కార్తెల్లో వానలు కుదురుకున్నాక కట్టుకోవడం మంచిది. సెప్టెంబరు, అక్టోబరు నెలలు కూడా అనుకూలమే.

ముక్క కోసం తీగ మొదలు జోలికి పోవద్దు. పైన కొసకు దగ్గరగా, మరీ లేతదీ మరీ ముదురుదీ కాని కొమ్మ చూసుకోవాలి. వంచితే పుటుక్కున విరగకుండా, మెత్తగా వేలాడకుండా ఉండాలి. మూడు నాలుగు కణుపులుండేలా జానెడు లోపు ముక్క కోయాలి. కింది కోత కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా పడాలి. పై కోత కణుపుకు అర అంగుళం పైన తిన్నగా ఉండాలి. కత్తి పదునుగా, శుభ్రంగా ఉండాలి. మొద్దు కత్తితో కోస్తే కొమ్మ నలిగి కుళ్లుతుంది. అడవిలో కోసిన ముక్కలను తడి గోనె గుడ్డలో చుట్టి తెచ్చి అదే రోజు నాటేయాలి.

కింద రెండు కణుపుల ఆకులు తుంచేయాలి. పైన ఒక జత ఆకులుంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరించాలి. కోసిన చోట జిగట కారితే నీళ్లలో కడిగి కాసేపు నీడన ఆరనివ్వాలి. వేరు త్వరగా రావడానికి ఐబీఏ అనే హార్మోను పొడి ఎరువుల కొట్లలోనూ నర్సరీలలోనూ దొరుకుతుంది. ముక్క కింది కొస తడిపి పొడిలో అద్ది నాటితే ఎక్కువ ముక్కలు బతుకుతాయి. పొడి లేకపోయినా పని ఆగదు, కాకపోతే నాలుగు ముక్కలు ఎక్కువ పెట్టుకోవాలి.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి పాలిథిన్ సంచుల్లో నింపాలి. పచ్చి పేడ వేస్తే ముక్క ఉడికిపోతుంది. సంచి అడుగున నాలుగైదు చిల్లులు పెట్టాలి. ముందు పుల్లతో గుంట చేసి రెండు కణుపులు మట్టిలోకి పోయేలా ముక్క పెట్టి, చుట్టూ వేళ్లతో గట్టిగా నొక్కాలి. వేరు పుట్టేది కణుపు దగ్గరే, చిగురు వచ్చేదీ కణుపు దగ్గరే. కణుపు లేని ముక్క ఎంత పొడవున్నా పుల్లతో సమానం. తలకిందులుగా పెట్టినా రాదు. అందుకే కింది కోత ఏటవాలుగా కోయమనేది, ఏది కిందో చూడగానే తెలుస్తుంది.

సంచులను చెట్టు నీడన గానీ తాటాకు పందిరి కింద గానీ పెట్టాలి. మట్టి తడిగా ఉండాలి, బురద కాకూడదు. నెల నుంచి నెలన్నర లోపు చిగురు కనిపిస్తుంది. చిగురు రాగానే వేరు వచ్చిందనుకోవద్దు. కొమ్మలో ఉన్న సత్తువతోనే మొదటి చిగురు వేస్తుంది. రెండో జత ఆకులు విప్పారి, మెల్లగా లాగితే ముక్క కదలకుండా ఉంటే వేరు పట్టినట్టు. అప్పటిదాకా సంచి కదపొద్దు. పది ముక్కలు పెడితే పదీ రావు, కాబట్టి నాలుగు తీగలు కావాలంటే పది పెట్టుకోవాలి.

నాటడం, పాకించడం

నీరు నిలవని ఎర్ర నేలలు, ఇసుక కలిసిన నేలలు ఈ తీగకు బాగుంటాయి. నల్లరేగడిలో అయితే మట్టి కట్ట పోసి ఎత్తు మీద నాటుకోవాలి. వాన నీళ్లు చేరే పల్లం, అంట్లు కడిగిన నీళ్లు ఎప్పుడూ నిలిచే మూల పనికిరావు. వేరు కుళ్లి తీగ వాడిపోతుంది.

అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంత తీసి వారం ఎండనివ్వాలి. పై మట్టికి ఒక గంప చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. వాన పడ్డ రోజు సాయంత్రం పూట సంచి కోసి, మట్టి గడ్డ చెదరకుండా నాటాలి. కంచె వెంబడి అయితే తీగకు తీగకు మూడు నాలుగు అడుగుల దూరం ఉంచితే సరిపోతుంది.

ఈ తీగకు నులి తీగలుండవు. కాండమే చుట్టుకుంటూ ఎక్కుతుంది. ఆసరా చూపిస్తే పాతిక అడుగుల దాకా పాకుతుంది, చూపించకపోతే నేల మీద పడి చిక్కులు పడుతుంది. గ్లైరిసిడియా, మునగ వంటి చెట్ల కొమ్మలు పాతితే అవే బతికిన గుంజలవుతాయి. ఎండుగుంజ రెండేళ్లకు చెద పట్టి పడిపోతుంది, బతికిన గుంజకు ఆ బాధ లేదు. ఏటా గ్లైరిసిడియా కొమ్మలు నరికి మొదట్లో పరిస్తే అదే పచ్చిరొట్ట. మొదట్లో కొస ఎటు పోవాలో పురికొసతో వదులుగా కట్టి చూపించాలి, బిగించి కడితే కాండం కోసుకుపోతుంది. తీగను ఆకు కోయడానికి చెయ్యి అందే ఎత్తులోనే ఉంచాలి. నిచ్చెన వేసి కోసే ఎత్తుకు పోనిస్తే చివరికి లాగి తెంపడమే అవుతుంది.

పామాయిల్ మొక్క మొదలుకే పాకించొద్దు. గెల కోసేవాళ్లకు అడ్డం, తీగకూ దెబ్బ. పొలం గట్టు కంచె మీద అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఒకే ఒక మాట, పొలంలో పురుగుమందు కొట్టేటప్పుడు ఆ తుంపర పడే వైపు నాటొద్దు. మందుగా వాడే ఆకు మీద మందు తుంపర పడితే ఇక దాని అర్థమేముంది?

నీళ్లు, తెగుళ్లు

మొదటి ఎండాకాలం గట్టెక్కితే తీగ మొండిది. ఆ ఒక్క వేసవి మాత్రం వారానికి రెండుసార్లు నీళ్లు పోయాలి. మొదట్లో ఎండాకు, వరిగడ్డి మందంగా పరిస్తే తడి ఆరదు. పాత తీగకు వారానికో పదిరోజులకో ఒకసారి తడిస్తే చాలు. మేకల బెడద ఉన్న చోట మొదటి ఏడు ముళ్లకంప వేసి కాపాడుకోవాలి.

ఎరువు ఏడాదికి ఒకసారి, వానలకు ముందు పశువుల ఎరువో వానపాముల ఎరువో వేస్తే సరి. యూరియా పోస్తే లేత చిగుళ్లు గుబురుగా వచ్చి పేనుబంక పడుతుంది. పేనుబంక, పిండినల్లి కనిపిస్తే ముందు నీళ్లు గట్టిగా చిమ్మి కడగాలి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. కొట్టాక రెండు వారాలు ఆకు కోయొద్దు. గొంగళి పురుగులను ఏరి పారేస్తే చాలు. వేరు కుళ్లు వచ్చినట్టనిపిస్తే నీళ్లు ఆపి మొదలు చుట్టూ గాలి ఆడేలా మట్టి గుల్ల చేయాలి. నాటేటప్పుడే ఎరువులో ట్రైకోడెర్మా కలుపుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

ఆకు కోత

మొదటి ఏడు ఆకు ముట్టొద్దు, తీగ వేరు నిలదొక్కుకోవాలి. రెండో ఏటి నుంచి పూతకు వచ్చే సమయంలో కోసుకోవచ్చు. దూయడం వద్దు. దూస్తే కణుపు దగ్గరి మొగ్గ కూడా ఊడొస్తుంది, మళ్లీ చిగురు రాదు. కాడతో సహా గిల్లాలి, లేదా పక్క కొమ్మల కొసలు కత్తిరించాలి. ఏ కోతలోనైనా సగం ఆకు తీగకు వదలాలి.

కోసిన ఆకు కడిగి నీళ్లు వాడ్చి నీడలో పలుచగా పరవాలి. రోజుకు రెండుసార్లు తిరగేయాలి. వారం రోజుల్లో పిడికిట పట్టి నలిపితే పొడి అయ్యేలా ఎండుతుంది. ఎండలో వేస్తే ఆకు నల్లబడి నాణ్యత పోతుంది. తడి ఉండగా డబ్బాకెత్తితే బూజు పడుతుంది. బూజు పట్టిన ఆకు పారేయాల్సిందే, ఎండలో వేసి బాగుచేద్దామనుకోవద్దు. పొడిగా ఎండిన ఆకును గాలి చొరని డబ్బాలో పోసి, మీద నెల, సంవత్సరం రాసి పెట్టుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఇది చదవాలి

పొడపత్రి ఆకు మంచిదే గానీ డాక్టరు రాసిన మందుకు బదులు కాదు. 1990లో మద్రాసులోని శాస్త్రవేత్తలు ఈ ఆకు సారం మీద చేసిన పరీక్షల ఫలితాలు వెలువడ్డాయి. పెద్ద వయసులో షుగర్ వచ్చిన 22 మందికి ఏడాదిన్నర పైగా ఇచ్చి చూస్తే రక్తంలో చక్కెర తగ్గింది. అయితే వాళ్లు మాత్రలు వాడుతూ, డాక్టర్ల కనుసన్నల్లో ఈ సారం తీసుకున్నారు. మోతాదు కొలిచి ఇచ్చారు. మాత్రలు తగ్గించడం కూడా డాక్టర్లు చూసి చేసిన పనే. ఇది కొద్దిమంది మీద జరిగిన పరీక్ష. పెరట్లో గుప్పెడు ఆకు నమిలి ఇన్సులిన్ మానేయడానికి ఇది ఆధారం కాదు.

ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు సూది మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని మాత్రలు వేసుకుంటూ ఆకు కూడా మెండుగా తింటే చక్కెర మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. అప్పుడు వెంటనే చక్కెర గానీ బెల్లం గానీ తినాలి. ఆకు నమిలిన నోటికి తీపి తెలియకపోవచ్చు, తెలియకపోయినా కడుపులోకి పోయిన చక్కెర పని చేస్తుంది. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ ఆకు వాడిన మనిషికి కాలేయం దెబ్బతిన్న ఉదంతం కూడా 2010లో వైద్య పత్రికల కెక్కింది. గర్భిణులు, బాలింతలు, పిల్లలు వాడొద్దు. ఆపరేషన్ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. ఆకు వాడుతున్న సంగతి దాచిపెట్టడమే అన్నిటికన్నా చేటు.

ఎకరం వేద్దామా?

తీగ బాగా వచ్చింది కాబట్టి ఎకరం వేద్దామనే ఆలోచన సహజం. తొందరపడొద్దు. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు ఔషధ మొక్కల మోజులో తెల్లముస్లి, కలబంద వంటివి వేసి నష్టపోయిన రైతులు ఉన్నారు. మొక్క మేమే ఇస్తాం, పంట మేమే కొంటాం అని కాగితం రాసిచ్చినవాళ్లు మొక్క డబ్బులు తీసుకుని, పంట నాటికి కనపడకుండా పోయిన సంగతులు అనేకం. కాబట్టి మొక్క అమ్మే మాట కాదు, ఆకు కొనే మాట ముందు తేలాలి. ఎండుటాకు ఎవరు కొంటారు, ఏ తేమ శాతంతో కొంటారు, కిలో ఎంతకు కొంటారు, డబ్బు ఎన్నాళ్లకిస్తారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు దొరకనిదే ఒక్క గుంత కూడా తీయొద్దు. అప్పు తెచ్చి అసలే వేయొద్దు.

ఔషధ మొక్కల సాగు కోసం కేంద్రం 2000లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు పెట్టింది. ఏ ఏడాది ఏ సాయం ఉందో మండల ఉద్యానశాఖ అధికారిని, వైరా కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడిగి తెలుసుకోవచ్చు. అడవి నుంచి ఆకు తెచ్చి అమ్ముకునే గిరిజనులకు 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది. ఔషధ మొక్కలు కూడా అందులోకి వస్తాయి. హక్కు ఉన్నది ఆకు మీద. తీగే లేకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. అందుకని అడవిలో కోసేవాళ్లు కూడా పైన చెప్పిన పద్ధతే పాటించాలి: మొదలు ముట్టొద్దు, సగం ఆకు వదలాలి, కాయలు కొన్ని తీగ మీదే పగలనివ్వాలి.

 పూల కుండీలో దీని చుట్టం 

కడియం, కడియపులంక నర్సరీలలో హోయా అనే పూలతీగను కుండీల్లో అమ్ముతారు. మైనంతో చేసినట్టు నక్షత్రాల గుత్తులుగా పూస్తుంది. ఇదీ జిల్లేడు, పొడపత్రి కుటుంబానిదే. అయితే మందు కాదు, అందం కోసమే. పిల్లలు, మేకలు నోట పెట్టకుండా చూడాలి. ఇంగ్లండులో తోటమాలిగా పేరు తెచ్చుకున్న థామస్ హోయ్ పేరు మీద 1810లో దీనికి ఈ పేరు పెట్టారు.

* ఉదయపు ఎండ తగిలే వసారా దీనికి చాలు. మన వేసవి మిట్ట మధ్యాహ్నపు ఎండకు ఆకు మాడుతుంది.
* అడవిలో చెట్ల మీద పెరిగే జాతి కాబట్టి ఉత్త మట్టి పనికిరాదు. కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు, కొంచెం ఎరువు కలిపి కుండీ నింపాలి. పై మట్టి ఆరాకే నీళ్లు పోయాలి.
* పూలు రాలాక మిగిలిన కాడను తుంచొద్దు. మళ్లీ పూత ఆ కాడకే వస్తుంది.
* ఒకటి రెండు కణుపుల ముక్కతో మొక్క వస్తుంది. హృదయం ఆకారపు ఒక్క ఆకును కుండీలో గుచ్చి అమ్ముతుంటారు. దానికి వేరు వస్తుంది, ఏళ్ల తరబడి పచ్చగా ఉంటుంది. కణుపు లేనందున తీగ మాత్రం రాదు. కొనేటప్పుడు కణుపు చూసి కొనాలి.

మందలపల్లి, పట్వారిగూడెం, అప్పారావుపేట వైపు ఇప్పటికే పెరట్లో ఈ తీగ ఉన్నవాళ్లుంటే వానలు కుదురుకోగానే పక్కింటివాళ్లకు నాలుగు ముక్కలు కోసి ఇవ్వండి. లేనివాళ్లు ఈ మృగశిరకు పది సంచులు నింపి పెట్టుకోండి. ఊరికి పది ఇళ్లలో తీగ పాకితే ఆకు కోసం గుట్ట ఎక్కాల్సిన పని తగ్గుతుంది.